షట్టర్ అద్దెకు తీసుకునే ముందు: కరెంటు లోడు, నీళ్లు, డ్రైనేజీ ఇలా చూసుకోండి

హైదరాబాద్‌లో టిఫిన్ సెంటరో, బేకరీనో, జిరాక్స్ షాపో, చిన్న క్లినిక్కో పెట్టబోయేవాళ్లు తిప్పితిప్పి అడిగేది ఒకటే: "లోడు ఎంత పెట్టించుకోవాలి?" చాలామంది ఈ ప్రశ్న అడిగేసరికి అడ్వాన్సు ఇచ్చేసి, ఇంటీరియర్ కూడా సగం చేయించి ఉంటారు. అప్పుడు తెలుస్తుంది, షట్టర్‌కు ఉన్నది 2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ సర్వీసని, స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు అప్పటికే ఊపిరాడటం లేదని. అద్దె మీటరు మాత్రం అప్పటికే తిరుగుతుంటుంది.

అందుకే కింది మొదటి మూడు మెట్లూ అగ్రిమెంటుకు ముందే పూర్తి చేయండి. నీళ్లు, డ్రైనేజీ గురించి చివర్లో రాశాం గానీ, వాటినీ షట్టర్ చూడటానికి వెళ్లిన రోజే చూసుకోవాలి. ఉదాహరణగా 30 సీట్ల టిఫిన్ సెంటర్‌ను తీసుకున్నాం. కరెంటు, నీళ్లు, మురుగు, మూడూ గట్టిగా వాడే వ్యాపారం అదే. మీది బట్టల షాపైతే సగం లెక్కలు వదిలేయొచ్చు. విజయవాడ, విశాఖల్లో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పేరు మారుతుంది, కొన్ని ఫారాలు మారతాయి, చూసుకునే పద్ధతి ఇదే.

దగ్గర ఉండాల్సినవి

- షట్టర్‌కు వచ్చిన పాత కరెంటు బిల్లులు, కనీసం ఆరు నెలలవి. దాని మీద యూఎస్‌సీ నంబరు, అంటే ఆ కరెంటు సర్వీసును గుర్తించే నంబరు ఉంటుంది.
- జలమండలి నీళ్ల బిల్లు. దాని మీద క్యాన్ నంబరు, అంటే నీటి కనెక్షన్ ఖాతా నంబరు ఉంటుంది.
- మీరు పెట్టబోయే మెషిన్ల జాబితా. ఒక్కోదాని వెనక అంటించిన రేకు మీది వాట్లు లేదా హెచ్‌పీ ఫోటో తీసుకోండి.
- ఓనర్ ఆస్తి పత్రం లేదా ఆస్తి పన్ను రసీదు జిరాక్స్, మీ గుర్తింపు కార్డు, ఫోటో, లీజు అగ్రిమెంటు ముసాయిదా.
- టాంగ్ టెస్టర్, అంటే వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు కొలిచే పరికరం. కొనక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది. అది లేని ఎలక్ట్రీషియన్‌తో త్రీఫేజ్ పని చేయించకండి.

1. పాత సర్వీసు చరిత్ర చదవండి

బిల్లు మీద ముందు కేటగిరీ చూడండి. ఇళ్లకు కేటగిరీ 1, షాపులకు కేటగిరీ 2. ఇంటి కింద గదికి షట్టర్ కొట్టించి అద్దెకిచ్చే చోట్ల కేటగిరీ 1 మీటరే కొనసాగుతుంటుంది. "యూనిట్ రేటు తక్కువ, మీకే లాభం" అని ఓనర్ అంటే ఆనందపడకండి. అనుమతించిన పనికి కాక వేరే పనికి కరెంటు వాడితే విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 126 వర్తిస్తుంది. అసలు వర్తించాల్సిన టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతారు. షాపులో కూర్చుని కరెంటు వాడుతున్నది మీరు కాబట్టి తనిఖీ వాళ్లు అడిగేది మిమ్మల్నే.

తర్వాత బకాయిలు. యూఎస్‌సీ నంబరుతో డిస్కం వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో చూస్తే ఎంత కట్టాల్సి ఉందో వస్తుంది. షట్టర్‌కు సర్వీసే లేదంటే ఇంకా జాగ్రత్త పడాలి: ఎప్పుడూ లేదా, ఉండి బిల్లు కట్టక తీసేశారా? పాత యజమాని బకాయిని కొత్తగా వచ్చినవాళ్లు తీరుస్తేనే కనెక్షన్ ఇస్తామని షరతు పెట్టడం నిబంధనల్లో ఉంటే చెల్లుతుందని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. డిస్కం సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఇంటి నంబరు చెప్పి అడగండి, పది నిమిషాల పని.

మూడోది, కాంట్రాక్టెడ్ లోడు (డిస్కంతో ఒప్పుకున్న లోడు) పక్కనే ఉండే ఆర్‌ఎండీ. ఆ నెలలో షట్టర్ లాగిన గరిష్ఠ లోడు అది. బిల్లులో దొరక్కపోతే మీటరు మీద బటన్ నొక్కుతూ పోండి. యూనిట్లు, వోల్టేజీ, ఆంపియర్ల తర్వాత ఎండీ అని వస్తుంది. చాలా మీటర్లలో కిందటి నెలది కూడా కనిపిస్తుంది. లోడు 3 ఉండి ఎండీ 5.4 చూపిస్తుంటే, అదనపు లోడు కట్టమనే నోటీసు వచ్చి ఉంటుంది, లేదా రేపోమాపో మీ చేతికొస్తుంది.

2. మీ లోడు మీరే లెక్క వేయండి

ఈ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేస్తే "పది పెట్టించండి సార్" అంటాడు. ఏ షాపుకైనా పదే. కాగితం తీసి మీరే రాయండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, ముప్పావు కిలోవాట్ అనుకోండి. మన టిఫిన్ సెంటర్ జాబితా ఇదీ:

- గ్రైండర్, 2 హెచ్‌పీ: 1.5 కిలోవాట్లు
- పెద్ద మిక్సీ: 1
- పొగ లాగే బ్లోయర్, 1 హెచ్‌పీ: 0.75
- డీప్ ఫ్రీజర్, నిలువు ఫ్రిజ్: రెండూ కలిపి 0.6
- ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు: 3.4
- సాంబారు, చట్నీ వేడిగా ఉంచే ఎలక్ట్రిక్ కౌంటరు: 2
- గిన్నెలు కడగడానికి గీజరు: 3
- సంపు మోటారు, 1 హెచ్‌పీ: 0.75
- లైట్లు, ఫ్యాన్లు: 0.56
- బిల్లింగ్ మెషిన్, కెమెరాలు, రూటర్: 0.3
- బోర్డు లైటు: 0.2

మొత్తం 14.06. ఇది కనెక్టెడ్ లోడు, అంటే అన్నీ ఒకేసారి వేస్తే లాగేది. కానీ అన్నీ ఒకేసారి ఎవరు వేస్తారు? పిండి మధ్యాహ్నం రుబ్బుతారు, మోటారు రాత్రి వేస్తారు. ఉదయం ఎనిమిదిన్నరకు కస్టమర్లు నిండుగా ఉన్నప్పుడు ఏం నడుస్తాయో మళ్లీ రాయండి: ఏసీలు 3.4, వేడి కౌంటరు 2, ఆగి ఆగి నడిచే గీజరుకు సగం లెక్కన 1.5, బ్లోయర్ 0.75, ఫ్రీజరు ఫ్రిజ్ 0.6, మిక్సీకి ఓ 0.4, లైట్లు ఫ్యాన్లు 0.56, బిల్లింగ్ సరంజామా 0.3. వచ్చింది 9.5. దానికి పది పదిహేను శాతం కలపండి. 11 కిలోవాట్లు అడగండి.

ఇక్కడ రెండు అపోహలు. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కదా, ఎండీ అంత పడుతుందేమో అని భయపడతారు. పడదు. మీటరు ఎండీని క్షణం లెక్కన తీసుకోదు, మీటరును బట్టి 15 లేదా 30 నిమిషాల సగటు తీసుకుంటుంది. స్టార్టింగ్ కరెంటు రెండు మూడు సెకన్లే. రెండోది, "ఎందుకైనా మంచిది, 20 పెట్టించేద్దాం" అనుకోవడం. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు ఇంత అని ప్రతి నెలా పడుతుంది, వాడినా వాడకపోయినా. డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కూడా కిలోవాట్ లెక్కనే. తక్కువతో మొదలుపెట్టి పెంచుకోవడం సులువు. పెంచినదాన్ని తగ్గించుకోవడానికి తిరగాలి.

లోడు మరీ ఎక్కువ వస్తుంటే ముందు వేడి చేసే వస్తువుల మీద కన్ను వేయండి. జాబితాలో గీజరు, వేడి కౌంటరు కలిపి 5 కిలోవాట్లు. రెండింటినీ గ్యాసు మీదకు మారిస్తే ఉదయపు లోడు 9.5 నుంచి 6కు దిగుతుంది. గ్యాసుకు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడాలి. లైసెన్సు లేకుండా 100 కిలోల దాకానే నిల్వ చేయొచ్చు, అంటే నిండువీ వాడుతున్నవీ కలిపి ఐదు సిలిండర్లు. మీ వీధిలో భాగ్యనగర్ గ్యాస్ పైపులైను ఉంటే అదీ అడిగి చూడండి.

10 కిలోవాట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆ లోడు, ఆ పైన ఉన్న కమర్షియల్ సర్వీసుకు ట్రైవెక్టర్ మీటరు పెట్టి, యూనిట్లను కేవీఏహెచ్‌లో, అంటే పనికొచ్చినదే కాక లైను నుంచి లాగిన మొత్తం లెక్కన బిల్లు చేస్తారు. మోటార్ల వల్ల పవర్ ఫ్యాక్టర్ (లాగినదాంట్లో నిజంగా పనికొచ్చిన వంతు) 0.8కి పడిపోయిందనుకోండి, మీరు నిజంగా వాడింది 1,000 యూనిట్లైనా బిల్లు 1,250కి వస్తుంది. గ్రైండర్లు, కంప్రెసర్లు ఎక్కువున్న షాపులు కెపాసిటర్ పెట్టుకోవాలి. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ దరిదాపుల్లో సరిపోతుంది. దాన్ని మోటారు స్టార్టర్‌కు కలిపించండి, మోటారుతో పాటే ఆన్, మోటారుతో పాటే ఆఫ్ అయ్యేలా. మెయిన్‌కు కలిపేసి రాత్రంతా వదిలేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

3. స్తంభం దాకా నడవండి

షట్టర్ బయటికి వచ్చి పైకి చూడండి. మీ వీధిలో నాలుగు వైర్లున్న లైను ఉందా, రెండే ఉన్నాయా? రెండే ఉంటే త్రీఫేజ్‌కు లైను లాగాలి, ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో మీ మీద పడుతుంది, నెలలు కూడా పట్టొచ్చు. ఒకే నల్లటి కేబుల్ మెలితిరిగి ఉంటే అందులో ఎన్ని ఉన్నాయో లైన్‌మన్‌ను అడగండి.

ట్రాన్స్‌ఫార్మర్ మీద కెపాసిటీ రాసి ఉంటుంది: 63, 100, 160, 315 ఇలా. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు దాదాపు 133 ఆంపియర్లు ఇవ్వగలదు. ఎండాకాలం రాత్రి ఎనిమిదింటికి దాని మీద ఎంత నడుస్తోందో సెక్షన్ ఆఫీసు ఇంజనీరు (ఏఈ)కి తెలుసు. మీరు అడగాల్సింది "ఈ ట్రాన్స్‌ఫార్మర్ (డీటీఆర్) మీద 11 కిలోవాట్లకు చోటుందా?" అని. పెద్ద కాంప్లెక్సుల్లో ట్రాన్స్‌ఫార్మర్ బిల్డరే పెట్టి ఉంటాడు. అక్కడ చోటు లేకపోతే ఓనర్ల సంఘంతో తేల్చుకోవాలి, డిస్కం కాదు.

ఫీడర్ (మీ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) సంగతి చుట్టుపక్కల షాపుల్లో అడగండి. ఎదుటి కిరాణా కొట్టు ఆయన చెప్పినంత సరిగ్గా ఏ రికార్డూ చెప్పదు: ఏ వేళ పోతుంది, వానొస్తే ఎంతసేపటికి వస్తుంది, ఒక ఫేజు పోవడం ఎంత మామూలు.

4. లీజులో నాలుగు మాటలు రాయించండి

సర్వీసు ఎక్కువగా ఓనర్ పేరు మీదే ఉంటుంది. కాబట్టి మీరు కట్టే డిపాజిట్ రికార్డుల్లో ఓనర్ సొమ్మే అవుతుంది. లీజులో ఇవి ఉండాలి: అదనపు లోడుకు కట్టే డెవలప్‌మెంట్ చార్జీలు ఎవరివి, డిపాజిట్ మీరు కడితే ఖాళీ చేసేటప్పుడు ఓనర్ ఎంత తిరిగి ఇవ్వాలి, మీరు దిగిన తేదీకి ముందరి బకాయిలన్నీ ఓనర్‌వే, లోడు పెంచుకోవడానికి ఓనర్‌కు అభ్యంతరం లేదు. ఈ చివరిది విడిగా ఒక కాగితం మీద సంతకంతో తీసుకోండి, దరఖాస్తుకు కావాలి.

ఓనర్ తన మీటరు నుంచి సబ్ మీటరు ఇస్తానంటే ఒప్పుకోకండి. యూనిట్‌కు ఆయన చెప్పిందే రేటు, ఆయన బిల్లు కట్టకపోతే మీ షాపు చీకటి, కేటగిరీ తేడా ఉంటే పైన చెప్పిన సెక్షన్ 126. తాత్కాలికంగా ఒకటి రెండు నెలలు తప్పదంటే, ఓనర్ మీటరు కేటగిరీ 2 అని చూసుకుని, రెండు మీటర్ల రీడింగుల ఫోటోలు ఒకే రోజు తీసి పెట్టుకోండి.

5. దరఖాస్తు

హైదరాబాద్ డిస్కం టీజీఎస్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో గానీ, కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ ఇవ్వొచ్చు. కొత్త సర్వీసు, అదనపు లోడు, కేటగిరీ మార్పు వేర్వేరు పనులు. పాత 2 కిలోవాట్ల కేటగిరీ 1 సర్వీసును 11 కిలోవాట్ల కేటగిరీ 2గా మార్చాలంటే లోడు, కేటగిరీ రెండూ అడగాలి. ఒక్కటే అడిగి, రెండోది దానంతట అదే అవుతుందనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు.

5 కిలోవాట్లు దాటితే త్రీఫేజే అడగండి. రిజిస్ట్రేషన్ నంబరు రాసుకోండి, ఇక ఏ ఆఫీసుకు వెళ్లినా అదే మీ పేరు. ఎస్టిమేట్ వచ్చాక చలానా ఆన్‌లైన్లోనే కట్టండి. చేతికి డబ్బిస్తే రసీదు దొరకదు, పని ఆగితే అడిగే దారీ ఉండదు.

కొత్తగా లైను లాగే పని లేని చోట, పూర్తి దరఖాస్తు అందాక మెట్రో నగరాల్లో 3 రోజుల్లో, మిగతా మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. "పూర్తి" అన్న మాట గమనించండి. సంతకం లేని ఒక్క కాగితంతో ఆ గడియారం అసలు మొదలే కాదు. ఆలస్యమైతే ముందు 1912కి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు.

6. వైరింగ్

మూడు ఫేజుల మీద లోడు సమంగా పంచడం ఇందులో అసలు పని. పైన రాసిన 14 కిలోవాట్లను ఇలా పంచొచ్చు:

- ఆర్ ఫేజు: ఒక ఏసీ, గీజరు. 4.7 కిలోవాట్లు.
- వై ఫేజు: రెండో ఏసీ, వేడి కౌంటరు, ఫ్రీజరు, ఫ్రిజ్. 4.3.
- బీ ఫేజు: గ్రైండరు, మిక్సీ, బ్లోయర్, మోటారు, లైట్లు, ఫ్యాన్లు, బిల్లింగ్, బోర్డు. 5.06. ఇవన్నీ ఒకేసారి నడవవు కాబట్టి ఫర్వాలేదు.

అన్నీ కలిసి నడిచినా బీ ఫేజు మీద 24, 25 ఆంపియర్లకు మించదు. మెయిన్‌కు 32 ఆంపియర్ల నాలుగు పోళ్ల ఎంసీబీ (లోడు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్) సరిపోతుంది. మెయిన్‌కు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఏసీలకూ గీజరుకూ 4, ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5. మోటార్లు, ఏసీల ఎంసీబీలు సీ రకంవి తీసుకోండి. బీ రకం పెడితే కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడల్లా పడిపోతాయి.

బయటి సర్వీసు వైరు అల్యూమినియం, లోపలిది రాగి అయితే రెండింటినీ మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. ఆరు నెలలకు అక్కడ నల్లబడి, వేడెక్కి, ఓ రోజు కాలిన వాసన వస్తుంది. రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటల్ లగ్ వేయించండి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి. వంటగది నేల ఎప్పుడూ తడే. అది మాటిమాటికీ పడిపోతుంటే "ఇదే పాడైంది" అని దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. తొంభై పాళ్లు అది పాడవదు. గీజరు కాయిలు లీకవుతుంటుంది, లేదా ఒక సర్క్యూట్ న్యూట్రల్‌ను ఇంకో సర్క్యూట్‌తో కలిపేసి ఉంటారు. అన్ని ఎంసీబీలూ దించి ఒక్కొక్కటే ఎత్తుతూ రండి, ఏది ఎత్తితే పడిందో దొంగ అక్కడే ఉన్నాడు.

ఎర్తుకు రెండు గుంటలు, ఒక్కోదాంట్లో రెండున్నర మీటర్ల జీఐ పైపు. పక్క షట్టర్ ఎర్తుకు తగిలించుకోవడం, నీళ్ల పైపుకు కట్టడం ఎర్తు కాదు. ఎండాకాలంలో గుంటలో నీళ్లు పోయించడం మర్చిపోకండి.

*జనరేటరు ఉంటే:* నాలుగు పోళ్ల ఛేంజోవర్ స్విచ్ పెట్టండి, న్యూట్రల్ కూడా మారాలి. ప్లగ్గులో వైరు దూర్చి జనరేటరు కరెంటు ఇస్తే అది మీటరు గుండా వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11,000 వోల్టులై లైను మీదికి ఎక్కుతుంది. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన మనిషి దాన్ని పట్టుకుంటాడు.

7. మీటరు పెట్టిన రోజు

మొదటి రీడింగు, మీటరు నంబరు, సీళ్లు ఫోటో తీయండి. తర్వాత ఈ నాలుగు పరీక్షలు, అరగంట పని.

వోల్టేజీ: లోడు నడుస్తుండగా ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూడండి. మూడూ 220 నుంచి 245 మధ్య, దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి 180, ఇంకోటి 280 చూపిస్తే న్యూట్రల్ వదులైందని అర్థం. వెంటనే మెయిన్ దించేయండి. త్రీఫేజ్ షాపుల్లో ఒకే దెబ్బకు ఫ్రిజ్, కెమెరా, బిల్లింగ్ మెషిన్ కాలిపోయేది ఇక్కడే. న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఫేజు మీదికి 400 దాకా ఎక్కుతుంది. అందుకే న్యూట్రల్ దారిలో ఎక్కడా ఫ్యూజు ఉండకూడదు. పాత కట్ఔట్ ఏదైనా న్యూట్రల్‌లో కనిపిస్తే తీయించేయండి.

న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య: రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. అయిదు దాటితే ఎర్తో, న్యూట్రల్ జాయింటో బాగాలేదు.

ఆంపియర్లు: రద్దీ వేళ టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజులూ, న్యూట్రల్ చూడండి. ఒక ఫేజు 22, మిగతావి 6, 5 ఉంటే పంపకం మళ్లీ చేయాలి.

మీటరు: ముందు మీ మెయిన్ దించండి. మీటరు మీది ఎర్ర లైటు మిణకడం ఆగాలి. ఆగకపోతే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో లాగుతున్నారు, లేదా లీకుంది. తర్వాత 2 కిలోవాట్ల వేడి కౌంటరు ఒక్కటే వేసి, ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని మిణుకులు లెక్కపెట్టండి. మీటరు మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 1,600 అని ఉంటే నిమిషానికి 53 రావాలి, 800 అని ఉంటే 26 లేదా 27. వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. 70 వస్తే మాత్రం మీటరు టెస్టుకు రాసివ్వండి.

8. మొదటి మూడు బిల్లులు

కేటగిరీ 2 పడిందా, లోడు 11 అనే ఉందా, మొదటి రీడింగు మీ ఫోటోతో కలుస్తోందా చూడండి. ఎంఎఫ్ (రీడింగును గుణించే అంకె) అనే చోట 1 ఉండాలి. సీటీలు (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే పరికరాలు) పెట్టిన పెద్ద సర్వీసులకే అది వేరుగా ఉంటుంది. ఆర్‌ఎండీని ప్రతి నెలా గోడ క్యాలెండరు మీద రాసుకోండి. మే నెలలో 10.6 వచ్చిందంటే వచ్చే ఎండాకాలానికి లోడు గురించి ఇప్పుడే ఆలోచించాలి.

ఒకట్రెండేళ్లకు బిల్లులో ఏసీడీ (అదనపు వాడకపు డిపాజిట్) అని ఓ పెద్ద అంకె కనిపించి కంగారు పెడుతుంది. అది జరిమానా కాదు. మీ డిపాజిట్ రెండు నెలల వాడకానికి సరిపడా ఉండాలి, వాడకం పెరిగితే తేడా కట్టమంటారు. దాని మీద ఏటా వడ్డీ రావాలి, బిల్లులో సర్దుబాటు చేస్తారు. వడ్డీ పడిందో లేదో చూసేవాళ్లు బహు తక్కువ. మీరు చూడండి.

9. నీళ్లు

హోటలుకు సీటుకు రోజుకు 70 లీటర్లన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. 30 సీట్లకు 2,100 లీటర్లు. నగరంలో చాలాచోట్ల జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఓ రోజు పైపు పగిలితే ఇంకో రెండు రోజులు. కాబట్టి 5 వేల లీటర్లకు తక్కువ సంపుంటే కష్టం. రెండు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, ఒకటిన్నర లోతు ఉంటే 6 వేలు పడతాయి. టేపు పెట్టి కొలవండి. ఓనర్ చెప్పే "పెద్ద సంపు" పైన నాలుగు ఇళ్లతో కలిసినదైతే మీ వాటా ఎంతో లీజులో రాయించండి. 5 వేల లీటర్ల ట్యాంకరు మీ సంపు దాకా రాగలదా, రోడ్డు మలుపులో తిరుగుతుందా, అదీ చూడాలి.

క్యాన్ నంబరు ఇంటి కేటగిరీలో ఉంటే మార్పించుకోండి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు ఇళ్లకే, షాపులకు కాదు. ఫిర్యాదులకు 155313.

బోరు నీళ్లయితే టీడీఎస్ మీటరు ముంచండి. 500 లోపైతే మంచిదే. 2,000 దాటితే తాగడానికీ వంటకూ పనికిరాదు. టీడీఎస్ తక్కువున్నంత మాత్రాన నీళ్లు శుభ్రమని కాదు, అది కరిగిన లవణాల కొలతే. ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించండి. ఉప్పు నీళ్లకు గీజరు కాయిలు ఏడాదిలో తెల్లగా గారకట్టి పోతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది.

10. డ్రైనేజీ

షట్టర్ లోపలి సింకులో ఒక బకెట్ నీళ్లు గుమ్మరించి, బయట చాంబరు మూత తీసి చూడండి. అర నిమిషంలో నీళ్లు కనిపించాలి. కనిపించకపోతే అవి ఎటు పోతున్నాయో ఓనర్‌ను అడగండి. వాననీటి కాలువలోకి కలిపిన షట్టర్లు బోలెడు, పట్టుబడితే కనెక్షన్ మూసేస్తారు.

వంటగది ఉంటే నూనె పట్టే చాంబరు కట్టించాలి. రద్దీ వేళ సింకుల నుంచి నిమిషానికి 20 లీటర్లు వస్తాయనుకుంటే, అరగంట నిలవడానికి 600 లీటర్లు. ఒక మీటరు పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు, నీళ్ల లోతు 80 ఉంటే 640 వస్తుంది. మధ్యలో అడ్డుగోడ పైనుంచి దిగి, అడుగు నుంచి ఒక జానెడు వదలాలి. బయటికి పోయే పైపుకు ఎల్బో పెట్టి మూతి కిందికి, నీళ్లలో మునిగేలా తిప్పాలి. మేస్త్రీలు ఈ ఎల్బోనే వదిలేస్తారు, పైపు నీటి మట్టానికి పెట్టేస్తారు. పైన తేలే నూనె అంతా నేరుగా లైనులోకి పోయి గడ్డకడుతుంది.

చాంబరు ముందు జాలీ పెట్టి అన్నం మెతుకులు, కరివేపాకు అక్కడే ఆపండి. జాలీ రోజూ, పైన తెట్టు వారానికోసారి తీయాలి. వేడి నీళ్లు పోసి కరిగించడం పని తప్పించుకోవడమే, అది పది మీటర్లు పోయాక మళ్లీ గడ్డవుతుంది. వీధిలోని మ్యాన్‌హోల్ నిండితే మీరు మనిషిని దింపకండి. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం అది నేరం, విషవాయువుకు ప్రాణం పోవడానికి నిమిషం చాలు. జలమండలి జెట్టింగ్ మెషిన్‌కు ఫోన్ చేయండి. మీ చాంబరు చివరిసారి ఎప్పుడు తీశారని వాళ్లూ అడుగుతారు, ఆ తేదీ కూడా ఆర్‌ఎండీ రాసే క్యాలెండరు మీదే రాసుకోండి.